చెప్పి వెళ్తేనే దర్శనం

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆష్మోలియన్ మ్యూజియంలో రాఫెల్ గీసిన కాగితాన్ని బల్ల మీద పెట్టించుకుని చూడాలంటే ప్రొఫెసర్ అయి ఉండనక్కర్లేదు. ముందుగా రాసి, ఫలానా రోజు వస్తామని, ఫలానా బొమ్మలు చూస్తామని చెప్పి, వాళ్లు సరేనన్నాక వెళ్తే చాలు. ప్రింట్ రూమ్ అని పిలిచే ఆ స్టడీ రూమ్‌లోకి అడుగుపెట్టే ముందు కోటూ సంచీ బయట వదిలెయ్యాలి. చేతులు కడుక్కుని తడి లేకుండా తుడుచుకోవాలి. రాసుకోవడానికి పెన్సిలొక్కటే, పెన్ను పనికిరాదు. అప్పుడు ఉద్యోగి ఒకరు పుస్తకంలా తెరుచుకునే బరువైన పెట్టె తెచ్చి బల్ల మీద పెడతారు. దుమ్మూ వెలుతురూ చొరబడని ఈ పెట్టెలకు 18వ శతాబ్దంలో బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు డేనియల్ సొలాండర్ పేరే స్థిరపడిపోయింది. ఎండిన మొక్కల్నీ రాతప్రతుల్నీ పదిలపరచడానికి పుట్టిన పెట్టెలో ఇప్పుడు మైకెలాంజెలోలు పడుకుని ఉన్నారు.

మడి తెలిసిన ఇంట్లో పెరిగినవాళ్లకు ఈ తతంగం కొత్తగా అనిపించదు. చెప్పులు విప్పమనడం ఒక్కటే తక్కువ.

మ్యూజియం అంటే అందరికీ తెరిచి ఉంచిన చోటని కదా పేరు. ఆష్మోలియన్ తలుపులు తెరిచింది 1683లో. రాజుల ఖజానాల్లో, మఠాల చీకటి గదుల్లో ఉన్నవాటిని జనం కళ్ల ముందుకు తేవడమే అప్పట్నుంచీ మ్యూజియాలు చెప్పుకునే గొప్ప. తీరా చూస్తే, అలాంటి సంస్థ లోపలే మళ్లీ ఒక లోపలి గది వెలిసింది. శుభ్రత నియమాలు వచ్చాయి, తాళాలు వచ్చాయి, పెట్టె తెరిచేవాళ్లొకరు, చూసేవాళ్లొకరు అయ్యారు. జర్మన్ ఆలోచనాపరుడు వాల్టర్ బెన్యమిన్ 1930లలో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో కళకు రెండు రకాల విలువలున్నాయన్నాడు. ఒకటి పూజలో ఉండే విలువ, రెండోది ప్రదర్శనలో ఉండే విలువ. పూజావస్తువుకు అది ఉండటమే ముఖ్యం, నలుగురి కంటా పడటం కాదు. కొన్ని దేవతామూర్తుల్ని పూజారి తప్ప ఎవరూ చూడరని, కొన్ని మేరీ మాత బొమ్మలు ఏడాదిలో ఎక్కువ రోజులు ముసుగులోనే ఉంటాయని ఉదాహరణలిచ్చాడు. కాలం గడిచేకొద్దీ తూకం పూజ వైపు నుంచి ప్రదర్శన వైపు మొగ్గుతోందన్నది అతని వాదన. ఆయన లెక్కలో ఈ స్టడీ రూమ్‌ను ఎక్కడ పెట్టాలి? ప్రదర్శన కోసం పుట్టిన ఇంట్లోనే దాచిపెట్టడం మళ్లీ మొదలైంది మరి. దాచినవాళ్లు భక్తులూ కారు, దాచిన కాగితం దేవుడూ కాదు.

ఆ కాగితాల్లో ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. పేరు ‘ఇద్దరు అపోస్తలుల తలలు, చేతులు’. నల్ల సుద్దతో గీసింది. పొడవు అర మీటరుకు అటూ ఇటూ. ఒక యువకుడు, భుజాల మీదికి జారిన ఒత్తైన జుట్టు, అరమోడ్పు చూపు. పక్కనే గడ్డం నెరిసిన పెద్దాయన, కొంచెం ముందుకు వంగి. ఇద్దరి మధ్యా కింద చేతులు, మాట రానప్పుడు మనిషి చేతులు ఎలా కదులుతాయో అలా. రాఫెల్ ఆఖరి చిత్రం ‘ట్రాన్స్‌ఫిగరేషన్’ కోసం వేసుకున్న తయారీ బొమ్మ ఇది. క్రీస్తు కొండ మీద వెలుగుగా మారిపోయిన ఘట్టాన్ని చిత్రించే ఆ పనిని కార్డినల్ జూలియో దె మెదిచి ఫ్రాన్సులోని నార్బాన్ కెథడ్రల్ కోసం అప్పగించాడు. 1520 ఏప్రిల్ 6న, 37 ఏళ్ల వయసులో రాఫెల్ చనిపోయినప్పుడు ఆ చిత్రాన్నే ఆయన తల దగ్గర ఉంచారని కళాకారుల జీవితచరిత్రలు రాసిన వసారి చెప్పాడు.

భూతద్దం పెట్టి చూస్తే గీతల వెంబడి సన్నటి చుక్కలు కనిపిస్తాయి. పెద్ద నమూనా మీద గీతల పొడవునా సూదితో బెజ్జాలు పొడిచి, కింద వేరే కాగితం పరిచి, పైనుంచి బొగ్గుపొడి మూట అద్దితే బెజ్జాల్లోంచి రాలిన చుక్కలవి. మన ఆడవాళ్లు చీర మీద కుట్టుపనికి డిజైను దింపుకునేదీ ఇలాగే. చుక్కలు పడ్డాక రాఫెల్ వాటిని కలుపుకుంటూ పోయి ఊరుకోలేదు. అక్కడక్కడ చుక్క ఒకచోట ఉంటుంది, గీత దాన్ని కాదని పక్కకు జరుగుతుంది. అంతా తేలిపోయిందనుకున్న దశలో మళ్లీ ఒకసారి ఆలోచించాడన్నమాట. మనసు మారిన ఆ క్షణం గోడకు వేలాడే అద్దంచట్రంలో నాలుగడుగుల దూరం నుంచి కనిపించదు. పుస్తకంలో అచ్చయితే చుక్కలు ముద్రణ చుక్కల్లో కలిసిపోతాయి.

అసలు చిత్రమేమో పూజ కోసం చేయించింది. రోమ్‌లోని ఒక చర్చిలో చాలాకాలం ఉంది, 1797లో నెపోలియన్ సేనలతో పారిస్ వెళ్లింది, ఆయన పతనం తర్వాత తిరిగొచ్చి ఇప్పుడు వాటికన్‌లో రోజూ వేలమంది మధ్య వేలాడుతోంది. ఈ సుద్ద కాగితాన్ని మాత్రం ఎవరూ ఎన్నడూ పూజించలేదు. పని అయిపోయాక పారేసినా అడిగేవాళ్లు లేని సరుకు ఇది. ఈనాడు చూపు విషయంలో కట్టుబాట్లు ఎక్కువగా ఉన్నది దీనికే. పవిత్రత ఎక్కడ పుడుతుందో, ఎలా చేతులు మారుతుందో ఆలోచించేవాళ్లకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఆక్స్‌ఫర్డ్‌కు ఇది దక్కడం కూడా దైవాధీనంలాగే జరిగింది. చిత్రకారుడు సర్ థామస్ లారెన్స్ జీవితమంతా కూడబెట్టిన పాత గురువుల బొమ్మల్ని 18 వేల పౌండ్లకు ముందు రాజుకు, తర్వాత బ్రిటిష్ మ్యూజియం వగైరాలకు ఇవ్వజూపాలని వీలునామా రాసి 1830లో పోయాడు. ఎవరూ ముందుకు రాలేదు. సేకరణ వ్యాపారి శామ్యూల్ వుడ్‌బర్న్ చేతికెళ్లి ముక్కలైంది. చివరికి చందాలు పోగుచేసి, రాఫెల్, మైకెలాంజెలో బొమ్మల్ని 1846లో విశ్వవిద్యాలయం కోసం కొన్నారు. 7 వేల పౌండ్ల ఖర్చులో సగానికి పైగా లార్డ్ ఎల్డన్ ఒక్కరే భరించారు.

దాచడానికి భౌతిక కారణం ఉంది: వెలుతురు. కాగితం మీద పడే కాంతి చేసే నష్టం ఏ రోజుకా రోజు మాసిపోయేది కాదు, కూడుతూ పోయేది. అందుకే ఇలాంటి బొమ్మల్ని ప్రదర్శిస్తే 50 లక్స్ మసక వెలుతురులో కొన్ని నెలలు ఉంచి, తర్వాత ఏళ్ల తరబడి చీకట్లో విశ్రాంతినిస్తారు. నల్ల సుద్ద వెలిసిపోదు కానీ దాని కింది కాగితం పసుపెక్కుతుంది. నీటిరంగుల సంగతి ఇంకా సున్నితం. హెన్రీ వాన్ అనే సేకర్త టర్నర్ నీటిరంగుల చిత్రాలు 38 ఎడిన్‌బరోలోని జాతీయ గ్యాలరీకి 1900లో దక్కేలా రాసిపెట్టి, ఒక షరతు విధించాడు. ఏడాదికి ఒక్క జనవరి నెలలోనే చూపాలి, అదీ ఉచితంగా. స్కాట్లండ్‌లో జనవరి సూర్యుడు పేరుకే సూర్యుడు మరి. నేటికీ జనవరిలో జనం వాటి కోసం వెళ్తూనే ఉన్నారు.

సింహాచలం వెళ్లొచ్చినవాళ్లు ఇక్కడ చిన్నగా నవ్వుకుంటారు. వరాహ లక్ష్మీనరసింహస్వామి ఏడాది పొడవునా చందనం పూతలోనే ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియ, అక్షయ తృతీయ నాడు ఆ పూత వలిచి నిజరూపం చూపిస్తారు. మళ్లీ విడతలవారీగా చందనం సమర్పిస్తారు. ఉగ్రరూపాన్ని చల్లబరచడానికని స్థలపురాణం. ఎడిన్‌బరోలో వెలుతురు నుంచి బొమ్మను కాపాడుతున్నారు, సింహాచలంలో దేవుడి వేడి నుంచి భక్తుల్ని. కారణాలు తలకిందులు, క్రమశిక్షణ ఒక్కటే: చూపును పొదుపుగా ఖర్చు చెయ్యడం.

అలా దాచడం సరైనదేనా అన్న తగువు జపాన్‌లో ఒకసారి ముఖాముఖి జరిగింది. నారా దగ్గర హొర్యూజి ఆలయంలో, యుమెదోనో అనే ఎనిమిది కోణాల మందిరంలో, గుజె కన్నోన్ అనే బోధిసత్త్వ విగ్రహం శతాబ్దాలుగా బట్టల చుట్టల్లో ఉండిపోయింది. టోక్యో విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం చెప్పే అమెరికన్ ఎర్నెస్ట్ ఫెనొలోసా, ఆయన శిష్యుడు ఒకకురా కకుజో 1884లో ప్రభుత్వ అనుమతితో వెళ్లి తలుపు తియ్యమన్నారు. తీస్తే భూకంపం వస్తుందని భిక్షువులు భయపడ్డారు. గజాల కొద్దీ బట్ట విప్పాక, మానవమాత్రుల కంట పడకపోవడం వల్లే కాబోలు, బంగారు పూత దాదాపు చెక్కు చెదరని ఏడో శతాబ్దపు దారుశిల్పం బయటపడింది. భూకంపం రాలేదు. ఫెనొలోసా పక్షం గెలిచిందని కళాచరిత్ర పుస్తకాలు లెక్క వేస్తాయి. కానీ ఆయన మెచ్చుకున్న ఆ బంగారం నిలిచింది భిక్షువులు ఒప్పుకోకపోవడం వల్లే కదా! ఇవాళ ఆ మూర్తిని వసంతంలోనూ శరదృతువులోనూ కొన్ని వారాలే చూపిస్తారు. ఇద్దరి మాటా నిలబడిన రాజీ అది.

ఇంతకీ ఆ బల్ల ముందు కూర్చున్న మనిషి చేసేదేమిటి? హార్వర్డ్‌లో కళాచరిత్ర చెప్పే జెన్నిఫర్ రాబర్ట్స్ తన విద్యార్థుల్ని ఒకే కళాఖండం ముందు మూడు గంటలు కూర్చోమంటారు. బోస్టన్‌లో ఉన్న కోప్లీ చిత్రం ‘ఉడుతతో బాలుడు’ను తాను అలా చూసినప్పుడు, పిల్లవాడి చెవి ఆకారం ఉడుత పొట్ట మీది బొచ్చు అంచుతో పోలి ఉందని గమనించడానికి తొమ్మిది నిమిషాలు పట్టిందట. కళ్లకు కనిపించడం వేరు, మనకు కనిపించడం వేరు అన్నమాట. ఫ్రెంచ్ తాత్త్వికురాలు సిమోన్ వెయ్ ఇంకో అడుగు ముందుకు వేసింది. 1942లో రాసిన వ్యాసంలో, రేఖాగణితం లెక్క కుదరకపోయినా దాని మీద నిలిపిన శ్రద్ధ వృథా పోదని, చివరికి అది ప్రార్థనకే పనికొస్తుందని వాదించింది. ఆ లెక్కన స్టడీ రూమ్‌లో మూడు గంటలు కూర్చున్న నాస్తికుడు కూడా తెలియకుండా జపం చేసి లేచినట్టే.

ఈ మాట వినడానికి బాగుంటుంది. కానీ పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు. గుడిలో చూపు ఒకవైపు నుంచే సాగదు. భక్తుడు దేవుణ్ణి చూడటానికి వెళ్తాడు, దేవుడి కంట పడటానికీ వెళ్తాడు. విగ్రహానికి చివర్లో కళ్లు తెరిపించే నేత్రోన్మీలనం అందుకే అంత పెద్ద తంతు. రాఫెల్ అపోస్తలుడు అరమోడ్పు కళ్లతో పక్కకు చూస్తున్నాడు. ఎదుట కూర్చున్నవాడి కష్టసుఖాలతో అతనికి పని లేదు. చూసేవాడు కూడా అతన్ని ఏమీ కోరుకోడు, మొక్కుకోడు.

ఇంకో తేడా ఉంది, అసలైనది అదే. స్టడీ రూమ్‌లో బొమ్మను తిరగేసి వెనక చూపించమని అడగవచ్చు. అడిగితే ఉద్యోగే జాగ్రత్తగా తిప్పుతారు. కాగితం వెనక మరో బొమ్మ ఉండొచ్చు, పాత యజమాని రాసుకున్న అంకె ఉండొచ్చు, జిగురు మరక ఉండొచ్చు. లారెన్స్ దగ్గర్నుంచి వచ్చిన కాగితాల మూలన ఆయన పేరు పొడి అక్షరాలు సిరా లేకుండా నొక్కిన చిన్న ముద్ర ఉంటుంది. ఇది నిజంగా రాఫెల్‌దేనా, శిష్యుడిదా, తర్వాతి కాలపు నకలా అని అనుమానించడమే అక్కడ మర్యాద. గర్భగుడి ముందు నిలబడి ‘స్వామీ, కొంచెం వెనక్కి తిరుగు, ఎవరు చేశారో చూడాలి’ అనేవాడు ఉండడు. ఉంటే క్యూలో వెనకున్నవాళ్లు ఊరుకోరు.

ఈ అనుమానపు చూపు మీద గట్టిగా ఎదురుతిరిగినవాడు ఆనంద కుమారస్వామి. సిలోన్‌లో పుట్టి, 1917 నుంచి బోస్టన్ మ్యూజియంలో భారతీయ కళావిభాగాన్ని చూసిన ఆయన, మ్యూజియం కొలువులో ఉంటూనే మ్యూజియాల్ని ఎండగట్టాడు. వస్తువులు గాజు బీరువాల్లో పెట్టడానికి పుట్టలేదు, ఒక ప్రయోజనం కోసం పుట్టాయి, ఆ ప్రయోజనం తెలియకుండా అందాన్ని మెచ్చుకోవడం శుద్ధ అమాయకత్వం అన్నది ఆయన జీవితకాలపు వాదన. ఉత్సవమూర్తి విషయంలో ఇది సూటిగా తగులుతుంది. పంచలోహ మూర్తిని పోతపోసింది స్నానం చేయించడానికి, పట్టుబట్ట కట్టడానికి, పూలు పెట్టి పల్లకీలో ఊరేగించడానికి. భక్తులకు కనిపించేది ముఖం, చేతులు, అలంకారం. నగలు తీసిన శరీరం తెర వెనక అర్చకుడికే తెలుసు. మ్యూజియం దీపాల కింద మెరిసే నడుము ఒంపుల గురించి కళాపండితులు పేజీలు పేజీలు రాశారు. చేసిన స్థపతి లోకానికి చూపాలనుకున్నది అది కాకపోవచ్చు.

న్యాయస్థానాలు కూడా ఈ చిక్కుముడిలో వేలు పెట్టాల్సి వచ్చింది. తంజావూరు ప్రాంతంలోని పత్తూరులో 1976లో ఒక కూలీ తవ్వుతుండగా నటరాజ విగ్రహం బయటపడింది. చేతులు మారి లండన్ చేరిన దాన్ని కెనడా కంపెనీ ఒకటి 1982లో రెండున్నర లక్షల పౌండ్లకు కొంది. కేసు నడిచినప్పుడు వాదుల జాబితాలో భారత ప్రభుత్వంతో పాటు ఆ శిథిల దేవాలయం, అందులోని శివలింగం కూడా ఉన్నాయి. ఇంగ్లండ్ చట్టం రాతికి వ్యక్తిత్వం ఇవ్వదు, భారత చట్టం ఇస్తుంది. మన చట్టం గుర్తించిన పక్షాన్ని తామూ గుర్తించవచ్చని 1991లో అప్పీలు కోర్టు అంగీకరించింది. నటరాజు ఇంటికి చేరాడు.

మళ్లీ ఆక్స్‌ఫర్డ్ వద్దాం. ఆష్మోలియన్ సేకరణలోకే 16వ శతాబ్దపు కంచు తిరుమంగై ఆళ్వార్ చేరాడు, ఒక చేత కత్తి, మరో చేత డాలు. తెలుగువాళ్లకు ఆయన పరాయివాడు కాడు. అహోబిల నరసింహుణ్ణి పాసురాలతో కీర్తించింది ఆయనే. గురుపరంపర కథల ప్రకారం శ్రీరంగం ఆలయ నిర్మాణానికి డబ్బు చాలక దారిదోపిడీలు చేశాడు, నాగపట్నంలోని బంగారు బుద్ధ విగ్రహాన్ని కూడా ఎత్తుకొచ్చాడు. విగ్రహం దొంగిలించాడని చెప్పే సాధువు విగ్రహమే ఊరు దాటిపోవడం చరిత్రకున్న కొంటెతనం అనుకోవాలి.

మ్యూజియం దాన్ని 1967లో సోథెబీస్ వేలంలో, ఒక సేకర్త ఇంటి సరుకుగా, ధర చెల్లించి సక్రమంగానే కొంది. అర్ధశతాబ్దం పాటు ఎవరికీ అనుమానం రాలేదు. 2019లో ఒక స్వతంత్ర పరిశోధకుడు పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ సంస్థ పాత ఫొటోలు తిరగేస్తూ, 1957లో తమిళనాడులోని సౌందరరాజ పెరుమాళ్ కోవెలలో తీసిన చిత్రంలో అదే మూర్తిని పోల్చాడు. ఆ ఫొటోలు తీసింది భక్తితో కాదు. గుళ్లలోని శిల్పాల్ని పరిశీలన కోసం నమోదు చెయ్యడానికి తీసి, వరసగా భద్రపరిచారు. అంటే ఆలయాన్ని ఖాళీ చేసి వెళ్లిన ఆళ్వార్ ఆచూకీ తేల్చింది, కుమారస్వామి ఎద్దేవా చేసిన ఆ తిరగేసి చూసే చూపే. కబురు అందగానే మ్యూజియమే లండన్‌లోని భారత హైకమిషన్‌కు తెలియజేసింది. భారత ప్రభుత్వం తిరిగివ్వమని అడిగింది.

వెనక్కి పంపడానికి 2024 మార్చిలో విశ్వవిద్యాలయ మండలి ఒప్పుకుంది. అయినా అది ధర్మాదాయ ఆస్తి కాబట్టి, బ్రిటన్ చారిటీ కమిషన్ సమ్మతి కూడా కావాలన్నారు. ప్రతి కాగితం వెనకా ఏముందో చూడమని విద్యార్థులకు నేర్పిన సంస్థకు ఒక కాగితం ఇలా ఎదురొచ్చింది. అందులో రాసి ఉన్నది తన అర ఖాళీ చెయ్యమనే అయినా, చదివి ఊరుకోకుండా సంతకం పెట్టింది.